పోగొట్టుకొన్న చోటనే వెదకవలెను

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికమీదినుండి సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట మనకు ఆనవాయితీ. కార్యదర్శిగారు నన్ను కూడ అట్టి విషయమునే ఎన్నుకొమ్మని కోరిరి. నేను ముప్పదిరెండు సంవత్సరములు లెక్కల శాఖలో పద్దులు సరిచూచి ఉద్యోగవిరమణ చేసినవాడను. కావ్యములను గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ సభలో అనేకులు కలరు. అందుచేత నాకు తెలిసిన పద్దుల విషయమునే, అందును మన కాలనీలో ఒక ఇంట జరిగిన నష్టమును గూర్చియే మాటలాడుటకు అనుమతి వేడితిని. వారు దయతో అంగీకరించిరి.

విదేశీ ద్రవ్య వ్యాపారమను పేరిట, సముద్రమునకు ఆవల ఎక్కడనో పేరు నమోదు చేసికొన్న సంస్థలచేత మోసపోయినవాడు ఏమి చేయవలెను? ఎవరి తలుపు తట్టవలెను? ఎంతవరకు ఆశ పెట్టుకొనవలెను? ఇదియే నేటి విషయము. నేను చెప్పబోవు వృత్తాంతము ఆ మిత్రుల అనుమతితోనే చెప్పుచున్నాను. వారు ఈ సభలోనే కూర్చుండియున్నారు. ఎవరా యని దయచేసి ఎవరును తల త్రిప్పి చూడవద్దు. ఎందుకు వద్దనుచున్నానో ప్రసంగము ముగియునప్పటికి మీకే తెలియును.

ఆ మిత్రులు 2004 సంవత్సరమునకు ముందు ఉద్యోగములో చేరినవారు. కనుక వారికి ప్రావిడెంటు ఫండు నిలువ యుండెను. పదవీవిరమణకు ఇంక రెండేండ్లున్నది. కుమార్తెకు సంబంధము కుదురుచున్నది. అట్టి సమయమున వారి ఫోనులోని ఒక సందేశముల గుంపులో, వారు అడుగకుండగనే, ఎవరో వారిని చేర్చిరి. అందులో ఒక "గురువుగారు" ప్రతి ఉదయమును డాలరు, యూరో, పౌండుల ధరలు ఏ విధముగా మారునో పాఠము చెప్పుచుండును. మిగిలినవారు తమకు వచ్చిన లాభములను చూపి ఆయనకు నమస్కారములు పెట్టుచుందురు. ఆ గుంపులోని వంద మందిలో తొంబది మంది ఆ ముఠాకు చెందినవారే యని తరువాత తెలిసినది. కొన్ని దినములకు ఒక అమ్మాయి ఫోను చేసి, మంచి తెలుగులో, "బాబాయిగారూ" అని పిలిచి, ఖాతా తెరచుటకు సహాయము చేసినది. పరాయి రాష్ట్రమున ఉన్న మనకు తెలుగు మాట చెవినిబడినచో సగము నమ్మకము అక్కడనే కుదురును గదా!

మొదట 25,000 రూపాయలు పెట్టిరి. నాలుగు దినములలో 4,000 లాభమని వారి బ్యాంకు ఖాతాకు నిజముగనే వచ్చినది. అది గాలమునకు గ్రుచ్చిన ఎర. పిమ్మట ప్రావిడెంటు ఫండు నుండి కుమార్తె వివాహమునకని తీసిన 8 లక్షలు, బంగారము కుదువబెట్టి తెచ్చిన మూడున్నర లక్షలు, బ్యాంకు ఋణము 5 లక్షలు, చేతి నిలువ ఒకటిన్నర లక్ష, మొత్తము 18 లక్షలు మూడు నెలలలో వెళ్లిపోయినవి. ఫోను తెరమీద మాత్రము 41,000 డాలర్లు కనబడుచుండెను. వానిలో కొంత తీసికొనబోగా, ముందుగా పన్ను కట్టవలెననిరి, కట్టిరి. తరువాత ద్రవ్యమార్పిడి రుసుము అనిరి, అదియు కట్టిరి. ఆ పిమ్మట ఖాతా స్తంభించినది. అమ్మాయి ఫోను మూగవోయినది.

ఆ దినము మొదలు 41 దినములు ఆయన ఎవరికిని చెప్పలేదు. ఇల్లాలికి చెప్పలేదు, ప్రతి దినమును ప్రక్క బల్లకడ కూర్చుండిన నాకును చెప్పలేదు. చివరకు కుదువబెట్టిన బంగారముపై వడ్డీ కట్టలేదను జాబు ఇంటికి వచ్చుటచే విషయము బయటపడెను. ఆ రాత్రి వారి ఇల్లాలు మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, డబ్బు పోతే పోయింది. ఈయన నెల్లాళ్ల నుంచి సరిగా నిద్రపోవడం లేదు. రేపొద్దున మనిషి పోతే నేనేం చేయను? మీరొకసారి వచ్చి మాట్లాడండి" అని కన్నీరు పెట్టుకొన్నది. నేను వెంటనే వెళ్లితిని. ఆయన నాతో పలికిన మొదటి మాట ఇది: "వాళ్లెక్కడో ద్వీపాల్లో ఉన్నారు. నేనిక్కడ ఎవరికి చెప్పుకోను?"

సోదరులారా, ఆ ఒక్క మాటలోనే ఆయన నష్టమంతయు ఇమిడి యున్నది. పోగొట్టుకొన్న చోటనే వెదకవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ రాత్రి మేమిద్దరము బ్యాంకు పాసుపుస్తకము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. 18 లక్షలలో ఒక్క రూపాయియు ఆయన చేతినుండి నేరుగా విదేశమునకు పోలేదు. అన్నియు మన దేశములోని ఐదు బ్యాంకు ఖాతాలకే వెళ్లినవి. ఒకటి బట్టల దుకాణము పేరిట, ఒకటి రవాణా సంస్థ పేరిట, తక్కినవి ఎవరో వ్యక్తుల పేరిట ఉన్నవి. ఆ వ్యాపారసంస్థ పేరు ఎందులోను లేదు. దుకాణము పలక సముద్రమునకు ఆవల వ్రేలాడుచున్నను, డబ్బు పడు గల్లాపెట్టె మన ఊరి వీథిలోనే యున్నదన్నమాట. ఆ ఖాతాలనుండి సొమ్ము గంటలలో ఇతర ఖాతాలకును, అచ్చటనుండి మరికొన్నిటికిని మారి, చివరకు క్రిప్టో నాణెములుగనో నగదుగనో మారి సరిహద్దు దాటును. అది దాటులోపల పట్టుకొనవలసినదే గాని, దాటిన పిమ్మట పట్టుట మిక్కిలి దుర్లభము.

ఇట్టి మోసము క్రొత్తది కాదు. 1920లో అమెరికాలోని బోస్టను నగరమున ఛార్లెస్ పాంజీ అనునతడు, వేరువేరు దేశముల ద్రవ్యముల విలువలలోని భేదమును ఆధారము చేసికొని, అంతర్జాతీయ తపాలా జవాబు కూపనులు కొని అమ్ముదుననియు, 45 దినములలో నూటికి 50 లాభమిత్తుననియు ప్రకటించెను. వచ్చిన సొమ్ముకు తగినన్ని కూపనులు లోకములోనే లేకుండెను. క్రొత్తవారి సొమ్ము పాతవారికి లాభముగా ఇచ్చెను. అదే సంవత్సరము కుప్పకూలెను. ఐతే ఒక భేదము కలదు. పాంజీ అదే ఊరిలో ఉండెను. బాధితులు అతని గుమ్మమునకు వెళ్లగలిగిరి. న్యాయస్థానము అతని ఆస్తిని పట్టుకొనగలిగెను. అప్పుడును వారికి పెట్టిన సొమ్మంతయు తిరిగి రాలేదు. నేటి మోసగానికి ముఖమే లేదు; గుమ్మమెక్కడిది?

ఆ గుమ్మమును గూర్చి రెండు మాటలు. ఈ సంస్థలలో అనేకము కరీబియను సముద్రములోని సెయింట్ విన్సెంట్ వంటి చిన్న ద్వీపదేశములలో పేరు నమోదు చేసికొని, ఆ నమోదుపత్రమునే అనుమతిపత్రముగా చూపుచుండును. ఆ దేశపు ఆర్థిక సేవల అధికారసంస్థయే తాము విదేశీ ద్రవ్య వ్యాపారమునకు అనుమతులు జారీచేయమని బహిరంగముగా ప్రకటించియున్నది. కంపెనీ పేరు నమోదగుట వేరు, వ్యాపారమునకు అనుమతి యుండుట వేరు. మన భాషలో చెప్పవలెనన్న, పురపాలక సంఘములో ఇంటి నంబరు తీసికొన్నంతమాత్రమున ఆ ఇంట వైద్యశాల నడుపుటకు అనుమతి వచ్చినట్లు కాదు.

ఇక మన దేశపు చట్టమేమి చెప్పుచున్నది? 1999 నాటి విదేశీ ద్రవ్య నిర్వహణ చట్టము ప్రకారము, దేశములో నివసించువారు అధికృత వ్యక్తులతోనే, అనుమతింపబడిన ప్రయోజనములకే విదేశీ ద్రవ్య లావాదేవీలు జరుపవలెను. రూపాయి డాలరు వాయిదా ఒప్పందములు మన జాతీయ స్టాకు ఎక్స్ఛేంజిలో 2008 ఆగస్టు 29 నుండి జరుగుచున్నవి. వానియందును వాస్తవమైన విదేశీ ద్రవ్యపు అవసరము గలవారే పాల్గొనవలెనను రిజర్వు బ్యాంకు నిబంధన 2024 మే 3 నుండి అమలులోనికి వచ్చినది. వ్యక్తులు విదేశములకు సొమ్ము పంపుటకు సరళీకృత పథకమొకటి యున్నను, విదేశీ వ్యాపార వేదికలకు మార్జిను సొమ్ము కట్టుటకు అది పనికిరాదు. అనుమతి లేని వేదికల హెచ్చరిక జాబితాను రిజర్వు బ్యాంకు మొదటిసారిగా 2022 సెప్టెంబరు 7న, 34 పేర్లతో ప్రకటించినది. తరువాత పెంచుచు వచ్చినది. ఈ జాబితా సంపూర్ణము కాదనియు, అందులో పేరు లేనంతమాత్రమున అనుమతి యున్నట్లు భావింపరాదనియు ఆ బ్యాంకే చెప్పుచున్నది. కావున "జాబితాలో లేదు గదా" అని ఊరట చెందరాదు. అనుమతి గలవారి జాబితాలో ఉన్నదా యని చూడవలెను.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మీలో కొందరు అనుకొనవచ్చును. నిజమే. కాని త్రొక్కినవానికి నీరు చూపుట కూడ మన ధర్మమే. ఆ నీరెచ్చట దొరకునో వరుసగా చెప్పెదను. ఇంటికి వెళ్లి ఒక కాగితముపై వ్రాసికొని పెట్టుకొనుడు.

మొదటిది, 1930 అను ఫోను సంఖ్య. 2021లో కేంద్ర హోం మంత్రిత్వశాఖ ఆర్థిక సైబరు మోసముల కొరకు ఈ ఏర్పాటును ప్రారంభించినది. అప్పటి సంఖ్య 155260. తరువాత 1930గా మారినది. మీ బ్యాంకు ఖాతా, సొమ్ము వెళ్లిన తేది, సమయము, మొత్తము, లావాదేవీ సంఖ్య, ఎదుటి ఖాతా వివరములు చెప్పినచో, ఆ సమాచారము సంబంధించిన బ్యాంకునకు పోవును. సొమ్ము ఇంకను ఆ ఖాతాలో ఉన్నచో అంతవరకు కదలకుండ నిలుపుదురు. అప్పటికే మరియొక బ్యాంకునకు మారినచో ఆ సమాచారము ఆ బ్యాంకును తరుముకొని పోవును. ఇది దొంగకును మనకును మధ్య పరుగుపందెము. ఇందులో గంటలు లెక్క, దినములు కాదు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు చేసినచో ఖాళీ ఖాతాలు మాత్రమే చేజిక్కును.

రెండవది, జాతీయ సైబరు నేరముల నివేదన పోర్టలులో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు. ఫోనులో చెప్పితిమి గదా యని ఊరకుండరాదు. ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకొనవలెను. తరువాత జరుగు ప్రతి ఉత్తరప్రత్యుత్తరమునకును అదియే ఆధారము.

మూడవది, మీ సొంత బ్యాంకు. శాఖకు వెళ్లి వ్రాతమూలకముగా తెలిపి, తేదీ ముద్రతో రసీదు తీసికొనవలెను. ఇచ్చట ఒక సత్యము తెలిసికొనుట మంచిది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు ఖాతాదారునికి తెలియకుండ, అతని అనుమతి లేకుండ జరిగిన లావాదేవీలకు సంబంధించినది. మనమే మీట నొక్కి పంపిన సొమ్ముకు బ్యాంకును బాధ్యునిగా చేయుటకు సామాన్యముగా దానివలన వీలు కలుగదు. ఐతే ఫిర్యాదు అందిన పిమ్మట బ్యాంకు అలసత్వము చూపినచో అది సేవాలోపము. ముందు బ్యాంకునకు వ్రాసి, 30 దినములలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ ఫిర్యాదు చేసికొనవచ్చును. కార్డు ద్వారా సొమ్ము కట్టినవారు, ఆ కార్డు నిచ్చిన బ్యాంకులో వివాదము నమోదు చేయించి చార్జిబ్యాకు కోరవలెను. దానికి గడువు కలదు గనుక జాగు చేయరాదు.

నాలుగవది, పోలీసు ఠాణా. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 318వ సెక్షను మోసమునకు వర్తించును. మోసపుచ్చి సొమ్ము గుంజుకొన్నవానికి ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చును. సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను, కంప్యూటరు సాధనముల ద్వారా మరొకరుగా నటించి చేసిన మోసమునకు వర్తించును. నేరము మా సరిహద్దులో జరుగలేదని త్రిప్పి పంపుటకు వీలులేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారము నమోదు చేయింపవచ్చును. ప్రతి ఉచితముగా ఇవ్వవలెను. నమోదు చేయనిచో జిల్లా పోలీసు అధికారికి తపాలా ద్వారా వ్రాయవచ్చును. అప్పటికిని కానిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

ఐదవది, సాక్ష్యము. సిగ్గుచేతనో కోపముచేతనో ఫోనులోని సందేశములను తుడిచివేయుట చాలమంది చేయు పొరపాటు. అది దొంగ వ్రేలిముద్రలను మన చేతితో మనమే తుడిచినట్లు. గుంపులోని సందేశములు, ఫోను సంఖ్యలు, తెరమీది చిత్రములు, పాసుపుస్తకపు పుటలు అన్నియు భద్రపరుపవలెను. ఆ ఫోనును కూడ అమ్మివేయరాదు.

ఆరవది, నిలిపిన సొమ్మును తిరిగి పొందుట. నిలిపినంతమాత్రమున అది మన ఖాతాకు దానంతట అది రాదు. సాధారణముగా పోలీసు నివేదికపై న్యాయస్థానము ఉత్తరువు కావలెను. నాగరిక సురక్షా సంహితలోని 503వ సెక్షను దీనికి ఉపకరించును. తెలంగాణమున 2024లో లోక్ అదాలతుల ద్వారా ఇట్టి సొమ్మును బాధితులకు ఇప్పించిరి. మనము నివసించు రాష్ట్రమున ఏ పద్ధతి యున్నదో ఠాణాలోను, జిల్లా న్యాయసేవాధికార సంస్థలోను విచారించుకొనవలెను. దీనికి ఓపిక కావలెను. ఫైలు వెంట తిరుగుట మన ఉద్యోగులకు క్రొత్త విద్య కాదు గదా!

ఇక విదేశములోనున్న అసలు సంస్థ మాట. దానిపై చర్య తీసికొనవలెనన్న మన న్యాయస్థానపు అభ్యర్థన హోం మంత్రిత్వశాఖ ద్వారా ఆ దేశపు ప్రభుత్వమునకు పోవలెను. ఇది ఒక వ్యక్తి చేయగల పని కాదు. శీఘ్రముగా జరుగు పనియు కాదు. ఆ ద్వీపములో న్యాయవాదిని పెట్టెదనని మిగిలిన సొమ్ము కూడ వెచ్చించుట వివేకము కాదు.

ఈ సందర్భముననే అతి ముఖ్యమైన హెచ్చరిక యొకటి చేయుచున్నాను. మా మిత్రులు పోర్టలులో ఫిర్యాదు చేసిన కొన్ని దినములకే ఒకరు ఫోను చేసి, తాము పోయిన సొమ్ము రాబట్టు సంస్థవారమనియు, వారి 18 లక్షలు ఎక్కడ దాగియున్నవో కనుగొంటిమనియు, 60,000 రూపాయలు ముందుగా కట్టినచో వారములో తెచ్చి యిత్తుమనియు చెప్పిరి. సరిగా 18 లక్షలని వారికెట్లు తెలిసెను? మొదటి దొంగలే తమ బాధితుల పట్టికను మరొక ముఠాకు అమ్ముదురు, లేదా తామే వేషము మార్చి వత్తురు. ఇది గోరుచుట్టుపై రోకటిపోటు. కొందరు రిజర్వు బ్యాంకు అధికారులమందురు, కొందరు అంతర్జాతీయ పోలీసులమందురు. రిజర్వు బ్యాంకు వ్యక్తులకు ఖాతాలు తెరువదు. సొమ్ము విడుదల చేయుటకు ఎవరిని రుసుము అడుగదు. పన్ను కట్టవలసినది ఆదాయపు పన్ను శాఖకు చలానా ద్వారా గాని, ఎవరో చెప్పిన వ్యక్తి ఖాతాకు కాదు. మీ సొమ్ము మీకిచ్చుటకు మరల మీనుండియే సొమ్ము అడుగువాడు ఎవడైనను దొంగయే యని నిశ్చయించుకొనుడు.

ఇప్పుడు మనవంటి ప్రభుత్వోద్యోగుల మనసులోని భయమును గూర్చి చెప్పవలసియున్నది. ఆ 41 దినములును మా మిత్రులను మౌనముగా ఉంచినది సిగ్గు మాత్రమే కాదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 16వ నియమము ఉద్యోగి జూదపు వ్యాపారము చేయరాదని చెప్పుచున్నది. 17వ నియమము అప్పులపాలు కాకుండ తన సొంత వ్యవహారములు చక్కబెట్టుకొనవలెనని చెప్పుచున్నది. వివాహమునకని తీసిన ప్రావిడెంటు ఫండు సొమ్ము మరొక దానికి వినియోగించుట మరొక తప్పు. పైగా అనుమతి లేని వేదికలపై లావాదేవీ జరిపినవారిపై విదేశీ ద్రవ్య చట్టము క్రింద చర్య తీసికొనవచ్చునని రిజర్వు బ్యాంకు హెచ్చరించియే యున్నది. ఉల్లంఘించిన సొమ్మునకు మూడురెట్ల వరకు జరిమానా విధించుటకు ఆ చట్టము అవకాశమిచ్చుచున్నది. ఫిర్యాదు చేసినచో తన మెడకే చుట్టుకొనునని ఆయన భయపడిరి.

ఈ భయము నిరాధారమని నేను చెప్పను. లెక్కల శాఖలో పని చేసినవాడు అట్లు చెప్పరాదు. కాని రెండు పద్దులు ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. చెప్పినచో ఒక సంజాయిషీ, బహుశః ఒక మందలింపు, అంతకు మించియు కావచ్చును. చెప్పనిచో సొమ్ము తప్పక పోవును, అప్పు పెరుగును, మనిషి కృశించును. చివరకు ఆ విషయము ఋణదాతల ద్వారా బయటపడనే పడును. దాచిన తప్పు బయటపడుట వేరు, తానే వెళ్లి చెప్పుకొనుట వేరు. మా మిత్రులు న్యాయవాదిని సంప్రదించి, జరిగినది జరిగినట్లు శాఖాధికారికి వ్రాసి యిచ్చిరి. ప్రావిడెంటు ఫండు విషయమున సంజాయిషీ అడిగిరి, సమాధానమిచ్చిరి, హెచ్చరికతో ముగిసెను. అందరికిని ఇట్లే ముగియునని నేను హామీ ఈయలేను. కాని ఆ కాగితము ఇచ్చిన రాత్రియే తాను మరల నిద్రపోయితినని ఆయన నాతో చెప్పిరి.

ఫలితమేమి? ఐదు ఖాతాలలో నాలుగు అప్పటికే శూన్యములు. ఒక దానిలో 1,37,000 రూపాయలు మిగిలియుండగా నిలిపిరి. ఏడు నెలల పిమ్మట న్యాయస్థానపు ఉత్తరువుతో అది ఆయనకు చేరెను. 18 లక్షలలో వచ్చినది అంతియే. ఇంతకు ఆరునెలలకు పిమ్మట మన కార్యాలయములోనే పని చేయు ఒక యువ స్టెనోగ్రాఫరు ఇట్టి ఉచ్చులోనే చిక్కి 1,90,000 రూపాయలు పంపెను. ఒక గంటలో అనుమానము కలిగినది. అతడు సిగ్గుపడక మా మిత్రుల బల్లకడకు పరుగెత్తి వచ్చెను. అప్పటికి ఆయన కథ కార్యాలయములో కొందరికి తెలిసియుండెను. ఆయనయే తన ఫోను తీసి 1930కి చేసిరి. 1,52,000 రూపాయలు నిలిచినవి. ఒకే మోసము, ఒకే చట్టము, ఒకే బ్యాంకులు. 41 దినములకును ఒక గంటకును గల భేదము అది.

మరి రెండు మాటలు చెప్పి ముగించెదను. మొదటిది మన పిల్లలను గూర్చి. ఆ ఐదు ఖాతాలలో ఒకటి ఒక కళాశాల విద్యార్థిది. ఖాతాను కొన్నాళ్లు వాడుకొనుటకిచ్చినచో 5,000 రూపాయలిత్తుమని ఎవరో చెప్పగా ఇచ్చెనట. నేడు వాడు ముద్దాయి. మీ పిల్లలతో ఈ మాట ఈ రాత్రియే చెప్పుడు: ఖాతా అద్దెకిచ్చు వస్తువు కాదు.

రెండవది, "బాబాయిగారూ" అని పిలిచిన ఆ గొంతును గూర్చి. ఉద్యోగములని ఆశపెట్టి కంబోడియాకు తీసికొనిపోయి, గదులలో నిర్బంధించి, బలవంతముగా ఇట్టి మోసములు చేయించుచుండగా, 2024లో అనేకులు తిరుగబడి బయటపడిరి. వారిలో మన విశాఖపట్టణపు ప్రాంతపు యువకులు కలరు. మా మిత్రులతో మాటలాడిన అమ్మాయి ఎవరో, ఎచ్చటనున్నదో మేమెరుగము. ఆమెను నేను సమర్థింపను. కాని ఫిర్యాదు చేయుట మన సొమ్ము కొరకు మాత్రమే కాదనియు, అట్టి చెరలలోనున్న మన బిడ్డల జాడ తీయుటకు కూడ అది ఉపకరింపవచ్చుననియు మరువరాదు.

కార్యవర్గమువారికి ఒక చిన్న మనవి. మన సంఘము పండుగలు జరుపుచున్నది, పిల్లలకు పద్యములు నేర్పుచున్నది, సంతోషము. దానితోపాటు ఈ పద్ధతి తెలిసిన ముగ్గురిని నియమించి, వారి పేర్లు ప్రకటనఫలకముపై వ్రాయింపుడు. సొమ్ము పోగొట్టుకొన్నవారు ఏ వేళకు తలుపు తట్టినను, ఎందుకు చేసితివని అడుగక, ముందు 1930కి ఫోను చేయించి, ఠాణాకు వెంట వెళ్లువారుగా ఉండవలెను. ఆ ముగ్గురిలో ఒకరుగా ఉండుటకు నా మిత్రులు తమంతట తామే అంగీకరించిరి.

ఆయనను చూడవద్దని మొదట కోరితిని. మోసపోయినవానిని వింతగా చూచు చూపే వాని నోరు కట్టివేయును; ఆ మౌనమే దొంగకు పెట్టుబడి. రేపు మన ఇరుగుపొరుగులలో ఎవరైనను తల వంచుకొని మీ గుమ్మమునకు వచ్చినచో, వారిని లోనికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ముందుగా "ఎప్పుడు పంపారు?" అని మాత్రము అడుగుడు. తక్కిన ప్రశ్నలు తరువాత అడుగవచ్చును.